ఇర్మెలి బాత్రూంలో బకెట్

గతవారం మనం ఇర్మెలిని బాత్రూంలో మోకాళ్ళమీద వదిలేసి వచ్చాం. అప్పట్నించీ ఆవిడ అలాగే కూర్చుని ఉందని కాదు. మధ్యలో బడికెళ్ళి పిల్లలకి స్వీడిష్ పాఠాలు చెప్పింది, పిల్లలు ఎప్పట్లాగే నేర్చుకోలేదు. మనసు మాత్రం ఆ బకెట్ దగ్గరే ఉండిపోయింది.

ఆ వారం పత్రిక చేతికందనివాళ్ళకి రెండు ముక్కలు. కౌవొలాలో రైల్వే స్టేషనుకి అవతల ఉన్న సిమెంటు మేడకి ఇర్మెలి సొసైటీ ప్రెసిడెంటు. శీతాకాలం పోతూ పోతూ ఆ మేడ మెట్లమీద పులిసిన పిండి వాసన ఒకటి వదిలి వెళ్ళింది. వాసన ఎక్కణ్ణించని ఎవరూ ఎవర్నీ అడగలేదు. అడిగితే మాట్లాడాల్సి వస్తుంది. ముక్కు మూసుకుని మెట్లెక్కారు, దిగారు. చివరికి తన ఉతుకుడు వంతు రోజున ఇర్మెలికి, కింద బట్టలారేసే గదిలో, వేడినీళ్ళ గొట్టం వెనక, పాత దుప్పటి కింద, తెల్ల ప్లాస్టిక్ బకెట్ దొరికింది. బిగుతైన మూత, మూతకి వంకర గాజుగొట్టం, అందులో కాసిని నీళ్ళు. ఉండుండి 'గ్లుక్' అని ఎక్కిళ్ళు.

కిల్యు!

పంచదార, నీళ్ళు, ఈస్టు. అంతే వంట. మూలన పెట్టి మర్చిపోతే అదే సారా అవుతుంది. బ్యాండు కుర్రాళ్ళూ, చదువు మానేసినవాళ్ళూ, ఈ మాంద్యంలో ఉద్యోగం ఊడినవాళ్ళూ తాగేది కిల్యు అని పెద్దమనుషులందరి నమ్మకం. పెద్దమనుషులు తాగేది సిమా. అదెలా చేస్తారంటే పంచదార, నీళ్ళు, ఈస్టు. కాకపోతే నాలుగు నిమ్మచెక్కలూ, గుప్పెడు ఎండుద్రాక్షా వేసి, ద్రాక్ష పైకి తేలగానే మే ఒకటో తారీకు వప్పు పండక్కి పిల్లలకి కూడా పోస్తారు. రెండూ అక్కచెల్లెళ్ళే. ఒకతె తొందరగా పెళ్ళి చేసుకుని స్థిరపడింది, రెండోది ఇంటిపట్టున ఉండలేదు, అంతే తేడా.

ఇర్మెలి ఆ బకెట్‌ని ఎవరికంటా పడకుండా తన ఇంటి బాత్రూంలోకి మోసుకొచ్చింది. సాక్ష్యం కదా. మొగుడు ఔలిస్‌కి, "వప్పుకి సిమా చేస్తున్నా, ముట్టుకోకు," అని చెప్పింది. ఔలిస్ మునిసిపాలిటీలో రోడ్ల ప్లాన్లు గీస్తాడు. తిన్నగా ఉన్నదాన్ని ప్రశ్నించడం అలవాటు లేని మనిషి. బకెట్ వంక చూశాడు, "ఊఁ," అన్నాడు. వాళ్ళిద్దరి మధ్య అది పెద్ద సంభాషణ.

ఆ వాసన ఎవరిదన్న విషయంలో మేడ మొత్తానికి ఒకటే మాట. కింద వాటాలో అద్దెకుండే రెయ్యోది. ఇంకెవరిది? బస్సు నడిపేవాడు, శరదృతువులో ఉద్యోగం పోయింది, పట్టపగలు ఇంట్లో ఉంటాడు. పట్టపగలు ఇంట్లో ఉండే మగాణ్ణి చూస్తే కౌవొలాలో కుక్కలు కూడా అనుమానిస్తాయి. ఇవాళ ఆదివారం మధ్యాహ్నం ఇర్మెలి ఇంట్లో కమిటీ సమావేశం. రెయ్యో ఇల్లుగలాయనకి చెప్పి వాణ్ణి ఖాళీ చేయించాలని తీర్మానం చేయబోతున్నారు. పనిలేనివాడికి ఈ ఊళ్ళో రెండో ఇల్లు దొరకదని అందరికీ తెలుసు. తెలిసే, ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

మనం వదిలేసి వచ్చినప్పుడు ఇర్మెలి మోకాళ్ళమీద కూర్చుని బకెట్ మూత తెరుస్తోంది. తెరిచింది. లోపల తేలుతూ ఒకే ఒక్క నారింజపండు. నీటుగా వలిచి, పైన తెల్లపీచు కూడా తీసేసి ఉంది.

అక్కడే ఆవిడ బుర్రలో దీపం వెలిగింది.

ఒట్టి పంచదారతో కాస్తే అది కిల్యు, నేరం. పండు వేసి కాస్తే ఇంటి వైను, నేరం కాదు. ఊళ్ళో ఈ ధర్మసూక్ష్మం తెలియనివాళ్ళు లేరు. కానీ తాగుదామని కాచుకునేవాడు నారింజపండు కోసం బజారుకి వెళ్ళడు. అంత బకెట్‌కి ఒక్క పండు వేసి, 'ఇది వైనండీ' అని రేపు పోలీసుకి చెప్పుకోవడానికి ఇప్పుడే సిద్ధపడ్డవాడు ఎవడో గానీ, రెయ్యో మాత్రం కాదు. నేరం చేస్తూ చట్టానికి దణ్ణం పెట్టుకునే రకం. ఇంటిపన్ను గడువుకి ముందే కట్టే రకం. అంటే మనలాంటి మనిషి!

ఆ ఆలోచన రాగానే ఇర్మెలికి భయం వేసింది. వెంటనే సరదా కూడా వేసింది.

ఒక చెంచాడు నోట్లో వేసుకుని చూసింది. పరిశోధన నిమిత్తం. మొహం నిమ్మతొక్కలా ముడుచుకుపోయింది. మొదటి చెంచా నిజమేనా అని రెండోది. రెండిటికీ పొత్తు కుదరకపోవడంతో తీర్పు చెప్పడానికి మూడోది. అప్పుడు మూత వేసి, ఉపాయం పన్నింది.

ఉపాయం పాతదే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటాడు. కమిటీవాళ్ళందరికీ కాఫీ మీద కాఫీ పోస్తే, ఎప్పుడో అప్పుడు ఒక్కొక్కళ్ళూ బాత్రూంలోకి వెళ్ళక తప్పదు. తన బకెట్‌ని పరాయి ఇంట్లో చూసిన దొంగ ఊరుకోగలడా? ఏదో ఒకటి చేస్తాడు. ఒక్కొక్కళ్ళూ బయటికి రాగానే తను వెళ్ళి బకెట్ చూసుకోవడమే. బకెట్ దొరికిన సంగతి ఎవరికీ చెప్పలేదు కాబట్టి పథకంలో లొసుగు లేదు.

లొసుగు ఏమిటో మీకు ఇప్పటికే తట్టి ఉంటుంది. ఇర్మెలికి తట్టలేదు. ఆవిడ టీచరు.

*

కమిటీవాళ్ళు ముగ్గురూ చెప్పిన సమయానికి వచ్చారు. నిజానికి ముందే వచ్చి, తలుపవతల నిలబడి, సమయం అయ్యాక గంట కొట్టారు. బూట్లు విప్పి గోడవారగా వరసగా పెట్టారు.

తాయిస్తో గారు ఒకప్పుడు బ్యాంకు మేనేజరు. బ్యాంకు మునిగింది గానీ ఆయన గొంతులో మేనేజరు మునగలేదు. ఓర్వొక్కి గారు చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది, మాట్లాడేటప్పుడు కూడా వేళ్ళు బల్లమీద నడుస్తుంటాయి. మూడో ఆవిడ హిల్కా గారు, మందుల షాపు ఓనరు, సొసైటీ వైస్ ప్రెసిడెంటు. ఆవిడ జీవితంలో ప్రభుత్వ మద్యం దుకాణం గడప తొక్కలేదు. దుకాణం ఎదురుగానే బస్ స్టాపు ఉంది మరి, అక్కడ ఎప్పుడూ తెలిసినవాళ్ళు ఉంటారు.

"బన్ను తీసుకోండి."

"అబ్బే, వద్దండీ."

"తీసుకోండి, ఇప్పుడే కాల్చాను."

"ఎందుకండీ శ్రమ, తినే వచ్చాం."

"ఒక్కటైనా."

"సరే, మీరు అంతగా అంటున్నారు కాబట్టి."

ముగ్గురితోనూ మూడుసార్లు ఇదే నాటకం. దానివల్ల సమావేశం ఆలస్యంగా మొదలైంది. ఔలిస్ మూలన కుర్చీలో కూర్చుని పేపరు వెనక ఉన్నాడు. సమావేశాల్లో ఆయన పాత్ర అదే.

బాత్రూం తలుపు వెనకనించి, గ్లుక్.

ఎవరూ విననట్టే విన్నారు.

"ఈసారి వప్పుకి ఎండ కాస్తుందంటారా?" అంది ఓర్వొక్కి.

"కాయదు," అన్నాడు తాయిస్తో. మేనేజరు చెప్పాక వాతావరణమైనా మారడానికి లేదు.

మూడో కప్పు కాఫీ దగ్గర ఓర్వొక్కి లేచింది. పరాయివాళ్ళ బాత్రూంకి మొదట వెళ్ళడమంటే పెళ్ళిపందిట్లో మొదట విస్తరి ముందు కూర్చోవడం లాంటిది. కానీ ఆర్గన్ వాయించేవాళ్ళకి కాళ్ళూ వేళ్ళూ ఎంత బలంగా ఉన్నా, తక్కినవి మామూలే. వెళ్ళింది, వచ్చింది. వస్తూ వస్తూ ఇర్మెలి భుజంమీద చెయ్యి వేసి మెల్లగా నొక్కింది. కౌవొలాలో ఒకరి భుజంమీద ఒకరు చెయ్యి వేయడం అంత్యక్రియలప్పుడు తప్ప జరగదు.

"పాలు తెస్తాను," అని ఇర్మెలి లేచి, వంటింటివైపు వెళ్ళినట్టే వెళ్ళి బాత్రూంలో దూరింది.

బకెట్‌కి తన పెద్ద స్నానం తువ్వాలు చుట్టి ఉంది. చలేసిన పిల్లకి చుట్టినట్టు, అంచులు లోపలికి దోపి మరీ.

ఓర్వొక్కి! ఆదివారం ఆదివారం దేవుడి దగ్గర వాయించే ఓర్వొక్కి! ఇర్మెలి పాలు లేకుండానే తిరిగొచ్చి కూర్చుంది.

అంతలో తాయిస్తో వెళ్ళాడు. ఆయన వచ్చాక ఇర్మెలికి చెంచాలు గుర్తొచ్చాయి. వెళ్ళి చూస్తే బకెట్ చల్లటి పలకల మీద లేదు. గోడకున్న హీటరు పక్కకి జరిగి, కింద ఒక పాత చెక్కపీట పెట్టించుకుని, దర్జాగా కూర్చుని ఉంది. హీటరు మర కూడా బాగా తిప్పి ఉంది.

తాయిస్తో కూడానా? ఇద్దరూ కలిసి కాస్తున్నారా? బ్యాంకూ చర్చీ ఏకమైతే ఇంక రెయ్యోలాంటివాళ్ళు ఎక్కడికి పోతారు?

తర్వాత హిల్కా వెళ్ళింది. ఎంత వేగంగా వెళ్ళిందో అంత వేగంగా వచ్చేసింది. ఇర్మెలి ఈసారి పంచదార వంకన లేచింది. పంచదార గిన్నె బల్లమీదే ఉందని ఔలిస్ పేపరు వెనకనించే వేలితో చూపించాడు. అయినా వెళ్ళింది. బకెట్‌ని చూసింది. హిల్కా దాన్ని ముట్టుకోలేదు. చెయ్యి కడుక్కుని, బకెట్‌కి చుట్టిన తువ్వాలు కూడా ముట్టకుండా, తడిచేత్తోనే వెళ్ళిపోయినట్టుంది, తలుపుదాకా నీటిచుక్కలున్నాయి. ఈ ముగ్గుర్లో మచ్చలేని మనిషి హిల్కా ఒక్కతే అనుకుంది ఇర్మెలి. ఆ తడిచెయ్యి గురించి ఆలోచించలేదు.

తిరిగొచ్చేసరికి గదిలో మాట చప్పున ఆగింది. ముగ్గురూ కాఫీ కప్పుల్లోకి చూస్తున్నారు. ఓర్వొక్కి కళ్ళు తడిగా ఉన్నాయి.

"మీ ఆరోగ్యం బావుంటోందా ఇర్మెలి గారూ?" అంది.

"దుక్కలా ఉన్నాను. ఏం?"

"ఏం లేదు. ఊరికే."

ఔలిస్ పేపరు మడిచి లేచి, బాత్రూంలోకి వెళ్ళి, కాసేపటికి వచ్చి, మళ్ళీ పేపరు విప్పాడు. ఆ తర్వాత గ్లుక్‌లు వినపడలేదు. పులియడం అయిపోయినట్టుంది అనుకుంది ఇర్మెలి.

*

"ఇంక విషయానికొద్దాం," అన్నాడు తాయిస్తో గొంతు సవరించుకుని. "మెట్లమీద వాసన. నేరస్థుడెవరో మనకి తెలుసు."

"తెలుసు," అంది హిల్కా. "రెయ్యో. ఇలాంటివాళ్ళని ఉండనిస్తే రేపు మేడ పరువేం కాను? పిల్లలున్న కొంప. నెలాఖరుకల్లా ఖాళీ చేయించాలి."

"చూసినవాళ్ళున్నారా?" అంది ఇర్మెలి.

"చూడాలా? మొహంమీద రాసుంది కదండీ."

ఇర్మెలికి నారింజపండు కళ్ళముందు తేలింది. తప్పు చేయనివాడి నెత్తిన తీర్మానం పడుతుంటే చూస్తూ ఊరుకోవడానికి మనసొప్పలేదు. దొంగ ఈ బల్ల చుట్టూనే ఉన్నాడని గట్టిగా తెలుసు, కాకపోతే ఒకళ్ళా ఇద్దరా అన్నదే తేలలేదు. అందుకని టీచరు తెలివి చూపించింది.

"పేరు పెట్టొద్దు. 'కిల్యు ఎవరిదని తేలితే వాళ్ళు ఇల్లు ఖాళీ చేయాలి' అని రాద్దాం. అద్దెవాళ్ళయినా సరే, సొంతవాళ్ళయినా సరే. న్యాయం అంటే అందరికీ ఒకటే."

"పేరు లేకుండా ఎందుకండీ?" అంది హిల్కా. కప్పు సాసరుమీద టకటకమంది. "ఉన్నమాట రాసుకోడానికి మొహమాటమా?"

"రెయ్యోదే అయినప్పుడు పేరుంటే ఏం, లేకపోతే ఏం?"

"బానే ఉంది," అన్నాడు తాయిస్తో. "చట్టబద్ధంగా ఉంది."

చట్టబద్ధం అన్నాక ఆ దేశంలో చేతులు వాటంతటవే లేస్తాయి. తాయిస్తో చెయ్యి లేచింది, ఓర్వొక్కి చెయ్యి లేచింది, చిట్టచివర హిల్కా చెయ్యి సగం దాకా లేచింది. సగాన్ని కూడా లెక్కేసుకున్నారు. ప్రెసిడెంటు సంతకం ఒక్కటే మిగిలింది.

అప్పుడు గంట మోగింది.

గుమ్మంలో రెయ్యో. క్షవరం చేసుకుని, తల తడిపి దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. బూట్లు విప్పితే ఒక మేజోడులోంచి బొటనవేలు బయటికి చూస్తోంది. అందరూ వేలినే చూసి, చూడనట్టు తలలు తిప్పుకున్నారు.

"నా గురించి మాట్లాడుకుంటున్నారట," అన్నాడు. "నేను కూడా ఉంటే బావుంటుందని వచ్చా."

"కాఫీ?" అంది ఇర్మెలి.

"ఇవ్వండి." మూడుసార్లు అడిగించుకోలేదు. బన్ను కూడా చెప్పకుండానే తీసుకున్నాడు. ఓర్వొక్కి వేళ్ళు బల్లమీద ఒక విషాదగీతం వాయించాయి.

"చూడండి," అన్నాడు రెయ్యో నోట్లో బన్నుతో, "బస్సెక్కే ముందు రోజూ పొద్దున్నే, తాగలేదని రుజువుకి గొట్టంలో ఊదినవాణ్ణి నేను. ఆ అలవాటుకి ఇప్పటికీ బీరు కూడా దిగదు. కిల్యు నాది కాదు. నన్ను పొమ్మంటే మా అక్క ఇంట్లో సోఫామీద పడుకోవాలి. మా బావ నన్ను బతకనివ్వడు, నేను బావని బతకనివ్వను. అది చెప్పడానికే వచ్చా. ముందోసారి బాత్రూంకి వెళ్ళొచ్చా?"

వద్దని ఎవరంటారు? వెళ్ళాడు. తలుపు తెరుచుకుంది. రెయ్యో చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చి, నలుగురివంకా చూసి, అందరూ ఇంతసేపూ కడుపులో దాచుకున్నమాట వీధిలో పోతున్నవాడిలా అనేశాడు.

"మీ బాత్రూంలో కిల్యు పులుస్తోంది కదండీ."

గోడగడియారం చప్పుడు కూడా సిగ్గుపడింది.

"మేం కూడా చూశాం," అంది ఓర్వొక్కి చివరికి, గొణుగుతూ. "కానీ పరాయివాళ్ళ ఇల్లు. అడగడం ఏం బావుంటుంది?"

"చూసి ఊరుకున్నారా?" అన్నాడు రెయ్యో. "చూసొచ్చి కూర్చుని నన్ను పొమ్మంటున్నారా?"

"అది సాక్ష్యం!" ఇర్మెలి లేచి నిలబడింది. "కింద బట్టలారేసే గదిలో దొరికింది. దొంగని పట్టుకోడానికి నేనే తెచ్చి పెట్టాను. ఎవరు వెళ్ళి దాన్నేం చేస్తారో చూద్దామని."

చెబుతుంటేనే, అబద్ధం ఇలాగే ఉంటుందని ఆవిడకే అనిపించింది.

"అందుకనేనా," అన్నాడు తాయిస్తో నెమ్మదిగా, "మాటిమాటికీ లోపలికెళ్ళి వచ్చారు?"

"చూడ్డానికి వెళ్ళాను!"

"పాలకని వెళ్ళారు, పాలు రాలేదు. చెంచాలకని వెళ్ళారు, చెంచాలు రాలేదు. పంచదార ఇక్కడే ఉంది. వెళ్ళొచ్చిన ప్రతిసారీ మీ మొహం కొంచెం కొంచెం ఎర్రబడింది. మేం ఏమనుకోవాలి?"

ఇర్మెలి మొహం ఇప్పుడు మరీ ఎర్రబడింది. సాక్ష్యం దానంతటదే పెరుగుతోంది.

"అయితే తువ్వాలెవరు చుట్టారు? దొంగ కాకపోతే దానికంత సేవ ఎవరు చేస్తారు?" వేలెత్తి ఓర్వొక్కిని చూపించింది. "మీరేగా?"

"నేనే," అంది ఓర్వొక్కి. "మీదే అనుకున్నా. పాపం, ఎలాగూ తాగుతోంది, కాస్త మంచిదైనా తాగాలి కదా అని. చలిపలక మీద పెడితే ఈస్టు ముడుచుకుపోతుంది. సంగీత కళాశాల హాస్టల్లో మేమంతా..." అని నాలుక కరుచుకుంది.

"నేను జాలిపడే జరిపాను," అన్నాడు తాయిస్తో, అడగకుండానే. "వెచ్చగా లేకపోతే కుళ్ళు కంపు కొడుతుంది. మిలిటరీ సర్వీసులో మా బ్యారక్ వరండాలో..." ఆయన గొంతులోని మేనేజరు అక్కడ ఒక్క క్షణం మునిగి తేలాడు.

రెయ్యో ముగ్గుర్నీ మార్చి మార్చి చూశాడు. "మేడ మొత్తంలో కిల్యు కాయడం రానివాణ్ణి నేనొక్కణ్ణే అన్నమాట."

ఇంకోరోజైతే ఇర్మెలి నవ్వేదే. తను పన్నిన వలలో దొంగ తప్ప అందరూ పడ్డారు. బడిలో కూడా ఇంతే, కాపీ కొట్టినవాడు తప్ప అందరూ తడబడతారు.

"ఏది ఏమైనా," అన్నాడు తాయిస్తో, తీర్మానం కాగితం ముందుకి జరిపి, "ఇది ఇందాక అందరం ఒప్పుకున్నాం. కిల్యు ఎవరిదని తేలితే వాళ్ళు ఖాళీ చేయాలి. సొంతవాళ్ళయినా సరే. మాటలు ప్రెసిడెంటు గారివే. బకెట్ ప్రెసిడెంటు గారింట్లో ఉంది."

"నాది కాదు!"

"కాదని మాకూ అనాలనే ఉంది," అంది ఓర్వొక్కి, నిజంగానే ఏడుస్తూ.

రెయ్యోని పంపాలని అంత నోరు చేసుకున్న హిల్కా ఇప్పుడు బన్నుమీది పంచదార పలుకుల్ని వేలితో ఒక్కొక్కటే దొర్లిస్తోంది. ఇర్మెలి చుట్టూ చూసింది. ఈ ఇంట్లోనే కాపురం పెట్టింది. కిటికీ గట్టుమీద జెరేనియం మొక్కలు, ఔలిస్ తనే కొట్టిన పుస్తకాల అర. అద్దెవాడి ఇల్లు నిలబెట్టబోయి తన ఇంటిమీద తనే తీర్మానం రాసుకుంది. అది కూడా తప్పుల్లేకుండా.

మూలన పేపరు కిందికి దిగింది.

"బకెట్ నాది," అన్నాడు ఔలిస్.

సమావేశంలో ఆయన గొంతు వినపడటం అదే మొదలు. అందరికంటే ఎక్కువ ఉలిక్కిపడింది ఇర్మెలి.

"నేనే కాశాను. ఈవిడకి సంబంధం లేదు. రెయ్యోకీ లేదు." అంత పెద్ద ఉపన్యాసం ఇచ్చాక ఆయనకి దాహం వేసి, చల్లారిన కాఫీ తాగాడు.

ఇర్మెలి ఆయనవంక తేరిపార చూసింది. ఈ మనిషి తనకి పెళ్ళిలో కూడా పూర్తి వాక్యం చెప్పలేదు. పుట్టినరోజుకి ఒకసారి మంచు తవ్వే పార తెచ్చిచ్చాడు. అలాంటివాడు, బకెట్ భార్యదే అనుకుని, ఆవిడ దొంగచాటుగా తాగుతోందనుకుని, నలుగురిముందు నింద నెత్తినేసుకుంటున్నాడు! ఔలిస్ తనకోసం ఆడిన మొదటి అబద్ధం ఇదే అనుకుంది. ఇంత అందమైన అబద్ధం ఎవరైనా ఆడగలరని ఆవిడకి తెలియదు.

"ఔలిస్," అంది, "వద్దు. నాకోసం ఇలా చెప్పకు."

"నీకోసం కాదు," అన్నాడు ఔలిస్.

వినయం! ఇర్మెలి కళ్ళు తుడుచుకుంది.

"భర్తదని ఒప్పుకున్నారు కాబట్టి," తాయిస్తో కలం తీశాడు, "బాధగానే ఉంది గానీ... ప్రెసిడెంటు గారూ, సంతకం."

"వద్దండీ, చించిపారేయండి దాన్ని," అన్నాడు రెయ్యో. "నన్ను పంపడానికి రాసినప్పుడు బాలేదు, ఈయన్ని పంపడానికైనా బాలేదు."

"తీర్మానం చించడానికి ఇంకో తీర్మానం కావాలి," అన్నాడు తాయిస్తో.

ఇర్మెలి కలం అందుకుంది. సంతకం పెడితే ఇల్లు పోతుంది, పెట్టకపోతే న్యాయం అందరికీ ఒకటే అన్న తన మాట పోతుంది. ఆవిడకి మాట పోవడం అంటే ఎంత భయమో స్వీడిష్ క్లాసులో ఏ పిల్లాణ్ణడిగినా చెబుతాడు. కాగితంమీద కలం ఆనించింది.

ఢాం!

బాత్రూం తలుపు బద్దలైందేమో అన్నంత చప్పుడు. ఓర్వొక్కి బల్ల కిందికి వంగింది. తాయిస్తో రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. రెయ్యో బన్ను పడేయకుండా గోడకి జారబడ్డాడు. తలుపు సందులోంచి పులిసిన, తియ్యటి, వెచ్చటి వాసనతో తెల్లనురుగు చావడిలోకి పాకి వస్తోంది.

ప్రమాదం జరిగితే మనిషన్నవాడు వెనక్కి గెంతుతాడు. ముందుకి పరిగెత్తేది కన్నవాళ్ళు మాత్రమే. ఆ గదిలో ఇద్దరు ముందుకి పరిగెత్తారు. ఔలిస్ కుర్చీ పడదోసి పరిగెత్తాడు. ఆయనకంటే ముందు, కాఫీ కప్పు చేత్తో అలాగే పట్టుకుని, హిల్కా పరిగెత్తింది.

ఇర్మెలి గుమ్మందాకా వెళ్ళేసరికి ఇద్దరూ నురుగులో మోకాళ్ళమీద కూర్చుని ఉన్నారు. తువ్వాలు పైకప్పుకి అంటుకుని, నెమ్మదిగా ఊడి కింద పడుతోంది. హిల్కా పగిలిన గాజుగొట్టాన్ని ఏరి ఎత్తి పట్టుకుంది. దాని మూతిలో తెల్లగా దూది. ఎదురుపడ్డప్పుడల్లా 'నమస్కారమండీ ఔలిస్ గారూ' అని తప్ప ఇన్నేళ్ళలో ఆయనతో మరోమాట అనని హిల్కా, ఆ గొట్టం ఆయన మొహంమీద ఊపింది.

"దూది కుక్కావా? బుద్ధుందా నీకు?"

"చప్పుడు వినపడుతోందని..." అన్నాడు ఔలిస్.

"వినపడితే వినపడనీ! గాలి పోయే దారి మూయొద్దని ఎన్నిసార్లు చెప్పాను? నిరుడు కూడా ఇలాగే చేసి మొత్తం నేలపాలు చేశావు!"

ఇర్మెలి చేతిలో కలం ఇంకా ఉంది.

"నిరుడా?" అంది.